గోడ చూసే పని

గోదావరిఖనిలో టీవీని గోడకు బిగించాలంటే ముందు గోడను చూడాలి. చూడటమంటే కళ్లతో కాదు, అరచేత్తో. ముప్పై ఏళ్లుగా చౌరస్తా దగ్గర టీవీలు, ఫ్రిజ్‌లు, మిక్సీలు అమ్ముతున్న నాకు ఈ సంగతి ఏ కంపెనీ పుస్తకమూ చెప్పలేదు. ఒకసారి పరువు పోయాక నేర్చుకున్నాను.

పలుచటి టీవీలు కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు టీవీ అంటే బల్ల మీద బైఠాయించే బరువైన పెట్టె. దానికి ఏ గోడతోనూ పని లేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గరున్న కాలనీలో ఒకాయన ఇంట్లో నా చేతులతో నేనే ఒక కొత్త టీవీని గోడకు బిగించి, వాళ్లిచ్చిన టీ తాగి, మీసం మెలేసుకుంటూ వచ్చాను. నెల తిరక్కముందే అది ఊడి కింద పడింది. మధ్యాహ్నం సైరన్ మోగాక గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ జరుగుతుంది. గూట్లో గిన్నెలు చిన్నగా గలగలమంటాయి. మాకు అది ఎంత అలవాటంటే, మాట్లాడుతున్న మాట కూడా ఆపము. ఆ అదురుకే రోజూ కొంచెం కొంచెం బోల్టులు వదులయ్యాయి. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాను. ఇంకో టీవీ ఇచ్చి, చేతులు జోడించి వచ్చాను.

దానికి ఉపాయం చెప్పింది బావ. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. అండర్‌గ్రౌండ్ గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఒకసారి మిక్సీ కొనడానికి వచ్చాడు. తర్వాత అది పాడైందని వచ్చాడు. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండానే రావడం మొదలుపెట్టాడు. పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల ఇంకా తడిగా ఉండగానే వచ్చి నా దుకాణంలో స్టూలు మీద కూర్చునేవాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి పోయేవాళ్లం. వరసలు కలుపుకోవడానికి అదేమీ అడ్డం రాలేదు. ఆయన భార్య నాకు చెల్లె అయింది, నేను ఆమెకు అన్నను అయ్యాను.

టీవీ పడిన సంగతి చెబితే బావ నవ్వాడు.

"గనిల మేము పైకప్పు ఎట్ల చూస్తమో ఎరుకేనా? ఒక చేత్తోని రాడు పట్టి తడ్తం. రెండో చెయ్యి పైన ఆనిస్తం. బండ లోపల వదులైతే అరచేతుల తెలుస్తది. నువ్వు గూడ గోడను గట్లనే చూడు. తట్టుడు బ్లాస్టింగ్‌తోని గనోళ్లే తడ్తరు. నువ్వు చెయ్యి పెట్టుడే."

అప్పటి నుంచి ఎవరింట్లో టీవీ బిగించాలన్నా సైరన్ వేళకే వెళ్లేవాణ్ని. గది మూలన నిలబడి, చెరో గోడకు చెరో చెయ్యి ఆనించి బ్లాస్టింగ్ కోసం ఎదురుచూసేవాణ్ని. ఒక బ్లాస్టింగ్‌కు రెండు చేతులు, రెండు గోడలు. నాలుగూ చూడాలంటే రెండు రోజులు. "గోడకు నాడి చూస్తున్నవా కాకా" అని పిల్లలు ఎగతాళి చేసేవారు. చేయనీ. గని వైపు గోడే వణకాలని లేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో గోడ. కింద పోసిన మట్టి, మధ్యలో కట్టిన గది, అన్నిటికీ లెక్క ఉంటుంది. ఏదైతేనేం, నేను చూసి బిగించిన టీవీ ఒక్కటీ మళ్లీ కింద పడలేదు. నాకు గర్వమే. దాచుకోవడం దేనికి?

అప్పట్లో నా దుకాణానికి ఒక నియమం ఉండేది. డ్యూటీ దిగినవాడు వచ్చేసరికి షట్టర్ తెరిచి ఉండాలి. పక్క కొట్లవాళ్లు మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు. నేను మాత్రం కౌంటరు వెనకాలే అన్నం తినేవాణ్ని. మా ఊరి జనానికి తీరిక దొరికేది గడియారాన్ని బట్టి కాదు, షిఫ్టును బట్టి. 

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోన్లను నేనూ అమ్మాను, నన్ను నేనే తిట్టుకోవాలి. మొదట జనం రావడం తగ్గలేదు. వచ్చి, టీవీ ముందు నిలబడి, "సౌండ్ పెంచు కాకా, చూద్దాం" అనేవాళ్లు. రిమోట్ చేతిలోకి తీసుకుని పావుగంట తిప్పేవాళ్లు. వెనక అంటించిన మోడల్ నంబరును ఫోటో తీసుకుని, "ఇంట్ల అడిగి వస్త" అని పోయేవాళ్లు. నాలుగు రోజులకు అదే టీవీ అట్టపెట్టెలో వాళ్లింటి ముందు దిగేది. ఒకాయనైతే, ఆ పెట్టె విప్పాక గోడ చూసిపొమ్మని నన్నే పిలిచాడు. నాకు ఒళ్లు మండింది. ముక్కు మీదే ఉంటుంది కోపం, ఏం చేయను. ఆ రోజే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించాను: బయట కొన్న సామానుకు ఫిట్టింగు, రిపేరు చేయబడదు.

బోర్డు చూసి జనం రావడం ఇంకా తగ్గింది. నేనూ తక్కువ తినలేదు. ఎవరూ రానప్పుడు ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ కూర్చోవడం దేనికని ఒంటిగంటకే షట్టర్ దించి ఇంటికి పోవడం మొదలుపెట్టాను. తిని పడుకుని, ఐదింటికి మళ్లీ తీసేవాణ్ని. ఒక్కోరోజు తీసేవాణ్నే కాదు.

బావ రిటైరై అప్పటికి చాలా ఏళ్లు అయింది. గనికి దగ్గరలో సొంత ఇల్లు కట్టుకున్నాడు. పోయిన ఏడాది చెల్లెకు పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఆమె మంచాన్ని గాలి వస్తుందని ముందు గదిలోకి మార్చారు. అప్పటి నుంచి బావ ఇల్లు కదలడం తగ్గిపోయింది. నేనే వారానికోసారి వెళ్లి చూసి వచ్చేవాణ్ని. తర్వాత ఎండలు ముదిరాయి. అదొక సాకు. అసలు సంగతి, దుకాణం గురించి ఎవరు అడిగినా నాకు చిరాకుగా ఉండేది. బావ తప్పకుండా అడుగుతాడు. అందుకే పోలేదు.

ఒక రోజు పొద్దున పదకొండింటికి ముప్పై ఏళ్ల మనిషి ఒకడు డ్రిల్లింగ్ మిషన్ భుజాన వేసుకుని దుకాణానికి వచ్చాడు. కరీంనగర్ నుంచి వచ్చాడట, ఆర్డర్ పెట్టిన టీవీలు బిగించే పని.

"కాకా, పెద్ద బోల్టులు ఉన్నయా? కంపెనీ ఇచ్చినయి గోడకు పట్టుకుంటలేవు. పెచ్చులు రాలుతున్నయి."

"ఎవరింట్ల?" అన్నాను, ఊరికే.

గని దారిలో నీళ్ల ట్యాంకు దాటాక మూడో ఇల్లు అన్నాడు. మంచంలో పెద్దమ్మ ఉంది, కాళ్ల వైపు గోడకు బిగిస్తే పడుకుని చూస్తుంది అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అది బావ ఇల్లు. నా స్టూలు మీద ఇన్నేళ్లు కూర్చున్న మనిషి, ఫోన్లో టీవీ కొన్నాడు.

బోల్టులు తీసి ఇచ్చాను. ఆ వారంలో నేను అమ్మింది అవే. ఆ ముందు గదిని తర్వాత, పాత ఇంటికి ఆనించి, ఒక గుంత పూడ్చి కట్టారని నాకు తెలుసు. కట్టేటప్పుడు పునాది దగ్గర నిలబడి చూశాను. దాని గోడలకు ఎవరూ చెయ్యి ఆనించలేదనీ తెలుసు. అతనికి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పడుకుంటే సైరన్ వినపడింది. కాసేపటికి కిటికీ రెక్క అదిరింది. నాకు చెల్లె కుడి కాలు గుర్తొచ్చింది. మీద ఏది పడుతున్నా ఆమె ఆ కాలు పక్కకు తీసుకోలేదు. పడదులే, ఒక్క రోజుకే ఏమవుతుంది అనుకుని అటు తిరిగి పడుకున్నాను. నిద్ర రాలేదు. రెండో రోజూ అంతే. సైరన్ మోగే వేళకు అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పెట్టుకుని, అదురు వచ్చిపోయేదాకా ఆగాను. మా ఆవిడ చూసింది. విషయం రాబట్టింది. పూర్తిగా విని, మెల్లగా అంది.

"ఆయన మీద కోపం ఆమె కాలు మీద తీస్తవా?"

మూడో రోజు సైరన్‌కు ముందే సంచిలో మిషన్, బోల్టులు వేసుకుని బయల్దేరాను. దారంతా బావను ఏమనాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఫోన్‌ల కొన్నవ్ గదా, ఆ ఫోన్‌నే గోడ చూడుమను. ఇదీ నేను తయారు చేసుకున్న మాట.

బావ ఇంటి మలుపు తిరిగేసరికి సైరన్ మోగింది. తలుపు తీసే ఉంది. లోపల చెల్లె మంచంలో ఉంది. ఆమె కాళ్ల దగ్గర, గోడ పక్కన స్టూలు వేసుకుని, దాని మీదికెక్కి బావ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చాచి, కొత్త టీవీని గోడకు అదిమి పట్టుకుని ఉన్నాడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, గనిలో దుంగ నిలబెట్టినట్టు తానే నిలబడ్డాడు.

చెప్పులు విడిచి లోపలికి పోయి, ఎదుటి మూలన నిలబడి, చెరో గోడకు చెరో చెయ్యి ఆనించాను. బావ తల తిప్పి చూశాడు. ముగ్గురం అట్లాగే ఎదురుచూశాం.

అదురు వచ్చింది. టీవీ వెనక నుంచి సున్నం పొడి చెల్లె దుప్పటి మీద రాలింది. నా కుడి చేతి కింద తలుపు వైపు గోడ వణికింది. ఎడమ చేతి కింద, పాత ఇంటికి ఆనుకున్న గోడ కదల్లేదు.

"ఇది మంచిగున్నది. మంచం తిప్పుదాం" అన్నాను.

బావ స్టూలు దిగాడు. "మొదటి దినమే వస్తవనుకున్న" అన్నాడు. "బోల్టులు నీ దగ్గరనే తెచ్చిన్నని ఆ ఫిట్టింగాయన చెప్పిండు. ఇగ నీకు ఎరుకైంది, వస్తవ్ అనుకున్న."

"పక్కింటాయనను పిలిచి దించియ్యరాదు?" అన్నాను.

"దించుడు ఎవరైనా దించుతరు బావా. మళ్ల ఏ గోడకు పెట్టాలెనో ఎవరు చెప్పాలె? నాకు పైకప్పే ఎరుక, గోడలు నీకే ఎరుక."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా బుద్ధి ఊరుకోలేదు. బోల్టులు విప్పుతూ, ఆయన మొహం చూడకుండా, "నా దుకాణం యాదికి రాలేదా బావా?" అన్నాను.

జవాబు చెల్లె చెప్పింది. పక్షవాతం తర్వాత ఆమె మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ అర్థమవుతుంది.

"నీ దుకాణానికే వచ్చిండు అన్నా. ఒక్కపారి గాదు, మూడుమార్లు. షట్టర్ ఏసి ఉన్నది."

"ఎన్ని గంటలకు?"

"మూడింటికి. బ్లాస్టింగ్ అయినంక పక్కింటామె వచ్చి నా దగ్గర కూసుంటది. గప్పుడే గదా ఆయన బయటకు పోయేది. మూడో దినం చాలాసేపు నీ మెట్ల మీద కూసోని వచ్చిండు. నీకు పానం మంచిగ లేదేమోనని ఫికర్ చేసిండు. ఆఖరికి మంచిర్యాలల ఉన్న మా బిడ్డ ఫోన్‌ల ఆర్డర్ పెట్టింది."

మూడింటికి నేను ఇంట్లో ఫ్యాన్ కింద పడుకుని, ఊరంతా నన్ను వదిలేసిందని బాధపడుతున్నాను. అదే మూడింటికి ఈ మనిషి నా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇద్దరం కలిసి టీవీని దించాం. చెల్లెను మంచంలోనే ఉంచి, చెరో వైపు పట్టుకుని మంచం తిప్పాం. తిరుగుతుంటే ఆమె "జల్ది తిప్పుండ్రి, కళ్లు తిరుగుతున్నయి" అని నవ్వింది. పాత గోడకు టీవీ బిగించాను. ఇటుక గట్టిగా ఉంది. బోల్టు బిగుస్తుంటేనే తెలిసింది. బావ అలవాటుగా ఒకసారి చెయ్యి ఆనించి చూసి, తల ఊపాడు.

అక్కడి నుంచి నేరుగా దుకాణానికి వెళ్లాను. మూడు దాటింది. ఎండ చురచురలాడుతోంది. షట్టర్ ఎత్తి, అట్టముక్క బోర్డు పీకేసి, స్టూలు తుడిచి దాని చోట పెట్టాను. నా దుకాణం ఇక నిలబడదని నాకు తెలుసు. ఉన్న సామాను అయిపోగానే ఖాళీ చేస్తాను. దాని గురించి ఇప్పుడు పెద్దగా దిగులు లేదు. షట్టర్ దించి ఉన్న ఆ మధ్యాహ్నాల్లో, డ్యూటీ దిగి, తడి తలతో వచ్చి, నా మెట్ల దాకా వచ్చి తిరిగిపోయినవాళ్లు ఇంకా ఎంతమందో, అదే నాకు తెలియదు. బావ ఒక్కడి సంగతి తెలిసింది, అదీ చెల్లె చెబితే.

మర్నాడు మూడుంపావుకు బావ వచ్చాడు. రిమోట్‌కు రెండు సెల్లులు అడిగి తీసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త టీవీ రిమోట్‌తో సెల్లులు కంపెనీవాళ్లే ఇస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.