యాకూబ్ దవడ

ఏండ్ల సంది ఒక మాట నా గొంతుల అడ్డంపడి ఉన్నది. మింగలేను, కక్కలేను. నా పేరు అడగకు. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్పగలుగుతాన.

నేను, యాకూబ్ కలిసి వరంగల్ చుట్టుపక్కల రేకుల షెడ్లు వేసేటోళ్లం. నన్ను అన్నా అనేటోడు. ఒక ఎండకాలం, ధర్మసాగర్ తొవ్వల కొమురక్క చాయ్ హోటల్ ముందట పందిరి పని దొరికింది. కట్టెలు నిలబెట్టినం. రేకులకు మొలలు వద్దు, స్క్రూలే బిగిద్దామన్నడు యాకూబ్. గాలి కిందికెల్లి లేపితే మొల ఊడొస్తది, స్క్రూ కట్టెను ఇడిసిపెట్టదు. నాకు తెల్వదా? తెలుసు. కని వాడు ఆ మాట కొమురక్క ముందట అన్నడు. ఆమె నవ్వి, నీకన్న యాకూబ్‌కే పని ఎక్కువ ఎర్క అన్నది. ఒంటికి కారం రాసినట్టయింది నాకు. స్క్రూలు తెస్తనని వాడు హన్మకొండ పోయిండు. కొమురక్క కూడ హోటల్ బంద్ పెట్టి ఇంటికి పోయింది. వాడు తిరిగొచ్చేలోపట రేకులన్నీ మొలలతోనే కొట్టేసిన. వాని నెత్తి మీద కొడుతున్నట్టే కొట్టిన.

"అన్నా, గిదేంది? పీకుదాం పా," అన్నడు వచ్చి.

"గమ్మునుండు. పనైపోయింది."

వానకాలం మొదట్ల, పట్టపగలే గాలిదుమారం లేసింది. మేమిద్దరం ఆ పక్కనే ఇంకో షెడ్డు వేస్తున్నం. మొలలు ఊడి ఒక రేకు గిర్రున తిరిగి పొయ్యి కాడున్న కొమురక్క మీద పడ్డది. మోచేతి కింద బొక్క దాకా తెగింది. మరుగుతున్న పాలల్ల నెత్తురు. ఆమెను ఆటోల దవాఖానకు పంపినంక, ఆమె కొడుకు, వాని దోస్తులు మమ్ముల దొరకబట్టిండ్రు. మొలలు ఎవడు కొట్టిండ్రా అని ఒర్రిండ్రు.

యాకూబ్ నా దిక్కు చూసిండు.

"అన్నా, నువ్వే చెప్పు."

నా పేరు తియ్యలె. నన్నే చెప్పుమన్నడు. నా చేతిల సుత్తె ఉన్నది. ఆ సుత్తెతోనే వాని నోటి మీద కొట్టిన. దవడ విరిగిన సప్పుడు నాకు ఇనపడ్డది. "వద్దంటే ఇనలే వీడు, స్క్రూల పైసలు మింగి మొలలు కొట్టిండు!" అని ఒర్రిన. వాడు కిందపడంగనే అందరూ మీద పడ్డరు. నేను ఆపలె. నేనూ తన్నిన. భయంతోనా? భయమైతే ఒక్క దెబ్బకే ఆగాలె గదా. వాని నోరు మళ్ల లేవొద్దని కొట్టిన్నా, లేక ఆమె నవ్విన నాటి కోపం ఇంకా నాలోపల ఉడుకుతనే ఉండెనా? ఎంత తవ్వుకున్నా రెండూ దొరుకుతయి.

వాళ్లు అలిసినంక నేనే వాన్ని ఎత్తుకొని దవాఖానకు పోయిన. వాళ్లమ్మ నా చేతులు పట్టుకొని, నువ్వు లేకుంటే నా కొడుకును సంపేటోళ్లు బిడ్డా అని ఏడ్చింది. తీగెలతో కట్టిన దవడతో యాకూబ్ మంచం మీదున్నడు. కండ్లు తెరిచే ఉన్నయి. అన్నీ ఇంటాండు. నేను ఆమె చేతులు ఇడిపించుకోలె.

తర్వాత వాడు అత్తగారి ఊరికి పోయిండు. ఇప్పటికీ మాట సాఫ్‌గ రాదట. కొమురక్క చెయ్యి ముడుచుకపోయింది. ఒక్క చేత్తోనే చాయ్ పోస్తది, పోసుకుంట, స్క్రూలని చెప్పి మొలలు కొట్టిండని యాకూబ్‌ను తిడతది. నేను ఆడనే కూసోని ఆ చాయ్ తాగుత.

మొలలు కొట్టింది నేను. వాని దవడ ఇరగ్గొట్టింది నేను. నన్ను మాఫ్ చెయ్యమని అడుగుతలేను, ఆ మాట అనేటోడు నువ్వు గాదు. వాడు గాక ఇంకొక్క మనిషికైన నిజం తెలిసింది. జర ఊపిరాడుతాంది.