ఉమ్మితో తుడిచిన పలక

ముచ్చట చెప్పడం వేరు, అబద్ధమాడటం వేరు అని నేను చాలాకాలం నమ్మాను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి, మిగతా సగాన్ని అనుమానంగా చూస్తారు. ఈ ఒక్కదాన్ని మాత్రం కొట్టేయరు. దీంట్లో నేను గొప్పగా కనబడే చోటు ఎక్కడా లేదు గనక నిజమే అయుంటుందని వాళ్లకు నమ్మకం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నేను జనగామలో చదువుకుంటున్నాను. తరగతులు మూతబడి ఒక ఏడాది పోయింది. తర్వాత ఎట్లాగో ట్రైనింగు గట్టెక్కి, చిట్యాల దగ్గరి ఒక ఊళ్లో పంతులుగా చేరాను. ఒకటో తరగతి నాకు అప్పజెప్పారు.

పలక మీద నేను పెద్దగా అ రాసిస్తే, పిల్లలు దాని మీదే బలపంతో దిద్దాలి. దిద్ది దిద్ది అది గుమ్మడికాయంత లావెక్కాక తుడిచి, మళ్లీ రాయించుకోవాలి. వాళ్లకు విసుగు పుట్టకుండా ఒక్కో అక్షరానికి ఒక్కో కథ అల్లాను. అ అంటే కడుపునిండా తిని ఒరిగిన ముసలమ్మ. ఠ అంటే చింతగింజ మింగిన కప్ప. ఉద్యమంలో పోలీసులు వెంటపడితే ఆ ఠలో దూరి, మధ్యలో చుక్కనై దాక్కున్నానని కూడా చెప్పాను. పిల్లలు నోళ్లు తెరిచి నమ్మారు. ఆ ఏడాదంతా నేను మా ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్న సంగతి వాళ్లకెందుకు?

ఒక్క అలవాటు మాత్రం మాన్పించలేకపోయాను. పలక మీద తుపుక్కున ఉమ్మి, అరచేత్తో తుడిచేవాళ్లు. తడిగుడ్డ తెచ్చుకొమ్మన్నాను, వినలేదు. తిట్టాను, వినలేదు. చివరికి నాకు చేతనైన పని చేశాను.

“ఉమ్మితో తుడిస్తే పలక మీది అక్షరమే కాదు, తలకాయలోది కూడా తుడుచుకుపోతది” అన్నాను.

మర్నాటి నుంచి ఒక్కరూ ఉమ్మలేదు. హెడ్మాస్టరు నా భుజం తట్టాడు. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

తల్లీతండ్రీ లేని పిల్ల ఒకతి ఆ తరగతిలో ఉండేది. అవ్వ దగ్గర పెరుగుతోంది. అందరికంటే ముందు అ రాసింది తనే. ఒకరోజు పాత అలవాటు కొద్దీ పలక మీద ఉమ్మి తుడిచేసింది. తుడిచాక నా మాట గుర్తొచ్చింది. బలపం పట్టుకుని అట్లాగే కూచుండిపోయింది.

“రాయి బిడ్డా.”

“పోయింది సారూ.”

“ఏది పోయింది?”

తల తడుముకుంది. “లోపల్ది.”

నేను నవ్వాను. పిల్లలెవరూ నవ్వలేదు. పక్కనున్నవాళ్లు మెల్లగా ఎడం జరిగారు.

మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. చెయ్యి పట్టి దిద్దిస్తే చెయ్యి కదిలేది, వదిలితే ఆగిపోయేది. ఆఖరికి అవ్వే బడికొచ్చింది.

“ఏంది సారూ, అచ్చరం పోయిందని పిల్ల బువ్వ తింటలేదు. దీనికి సదువు రాకుంటె రాదని చెప్పు, రేపటిసంది మేకల ఎంబడి తోల్త. నాకా కాళ్లు గుంజుతానయ్.”

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. హెడ్మాస్టరు పక్కనే ఉన్నాడు. నా నోరు దాని దారిన అది పోయింది.

“కాళేశ్వరం గోదాట్ల పలక కడిగితే తిరిగొస్తది అవ్వా.”

అంత దూరం ఈమె ఎక్కడ పోతుందిలే అనుకున్నాను.

“సరే, కడిగిపిస్త. అప్పటికీ రాకుంటె ఇగ మేకలే” అని వెళ్లిపోయింది.

తెల్లారి నేను బడికి వస్తుంటే, బస్సు ఆగే చోట ఇద్దరూ నిలబడి ఉన్నారు. భూపాలపల్లి పోయి అక్కడ ఇంకో బస్సు ఎక్కుతారట. అవ్వ చేతిలో సద్దిమూట, పిల్ల చంకలో పలక. గోదారి నీళ్లకు అక్షరం రాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. రాకపోతే పిల్ల మేకల వెంట పోతుంది.

“పోకు అవ్వా. గోదారి ముచ్చట ఉత్తదే. నేనే కల్పించిన.”

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. “నాకెందుకు? గా మాట పిల్లకు జెప్పు.”

గొంతుక్కూచుని చెప్పాను.

“ఏది ఉత్తది సారూ? గోదారిదా, ఉమ్మిదా?”

“రెండూ.”

“మరి ముసలమ్మది? కప్పది?”

“అవి కూడా బిడ్డా.”

“నువ్వు ఠల దాసుకున్నది?”

బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. “మా పోరడు గుడ గదే జెప్పిండు! పోలీసులు ఇంకా దేవులాడుతాండ్లేమో సూడు సారూ!”

నా చెవులు కాలిపోయాయి. అయితే ఆ నవ్వుల కంటే పిల్ల మొహమే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఒక్క అ కాదు, నేర్పినవన్నీ ఒకేసారి ఆమె దగ్గర్నుంచి లాగేసుకున్నాను.

పలకా బలపం తీసుకుని అ రాశాను. అందరూ చూస్తుండగా దాని మీద ఉమ్మాను, అరచేత్తో తుడిచాను, మళ్లీ రాశాను. మళ్లీ ఉమ్మాను. ఇంతలో బస్సొచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగాడు.

“ఎక్కుతరా లేదా? గా పంతులుకు ఏమైంది, పలక మీద ఉమ్ముతాండు?”

“జర ఆగు కొడుకా” అంది అవ్వ.

పిల్ల నా చేతిలోంచి పలకా బలపం గుంజుకుంది. నేను రాసిన అ మీద తనే ఉమ్మింది, గట్టిగా తుడిచింది. బలపం ఆనించి చాలాసేపు ఆగింది. ఈసారి చెప్పడానికి నా దగ్గర కథ లేదు. గీత వంకరగా మొదలై, తిరిగి, వణుక్కుంటూ ఒక కొసకు చేరింది.

“వచ్చిందవ్వా! అ నే! మంచిగ రాసింది!” అని అరిచాను.

అవ్వ నా వైపు తిరగనేలేదు.

“నువ్వు జెప్పకు” అంది. పలకను రెండు చేతులా పైకెత్తి కండక్టరుకు చూపించింది. “నువ్వు జూడు కొడుకా. గిది అచ్చరమేనా?”

అతను వంగి చూశాడు. “అ గదనే అవ్వా. మంచిగనే ఉంది.”

అప్పుడు నమ్మింది. బస్సును పొమ్మని చెయ్యి ఊపింది. “పా బిడ్డా, బడికి యాళ్లయితాంది” అని పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. వాళ్లకు కాస్త ఎడంగా, వెనక, నేను కూడా బడికి నడిచాను.