పాలు చూపించిన టీవీ

మా బాపుకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్నులో మిగిలిన చూపు కూడా మెల్లగా తగ్గుతుందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్ చెప్పాడు. ఆ మాట విని ఇంటికొచ్చి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కొత్త టీవీ కొనాలని నిర్ణయించుకోవడం. పెద్ద తెర, మంచి వెలుతురు ఉంటే ఆయనకు ఇంకొన్నాళ్లు బొమ్మ కనిపిస్తుందని ఆశ. కంటికి మందు లేదన్నాక మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. నేను టీవీని పట్టుకున్నాను.

రెండు వారాలు ఆఫీసులో భోజనం వేళంతా ఎల్‌సీడీ టీవీల గురించే చదివాను. ఏ కంపెనీది నలుపును నలుపుగా చూపిస్తుంది, ఏది పక్క నుంచి చూస్తే వెలిసిపోతుంది, ఏది కళ్లను తక్కువ అలసిపోయేలా చేస్తుంది. కాగితం మీద గళ్లు గీసి మూడు కంపెనీలను తేల్చాను. పక్క సీటావిడ చూసి, "పెండ్లి సంబంధం గూడ ఇంత జూడరు గదనే" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆదివారం మొఘల్‌పురా నుంచి ఆటోలో బాపును చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గరి షాపుకు తీసుకుపోయాను. మూడు టీవీలూ గోడకు పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లో చిలుకలు, పూలు, సముద్రం చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

"గీ పిట్టలతోని నాకేం ఎర్కైతది? పాలు సూపియ్యుమను" అన్నాడు బాపు.

షాపతను బిత్తరపోయి నా వైపు చూశాడు. బాపు నలభై ఏళ్లు ఇంటింటికీ పాలు పోశాడని చెప్పాను. గిన్నెలో తెలుపు చూసి ఇవి బర్రె పాలు, ఇవి ఆవు పాలు, వీటిలో నీళ్లు కలిశాయి అని తేల్చేవాడు. గల్లీలో పాల లొల్లి వస్తే ఆయన్నే పిలిచేవారు. షాపతనికి ముచ్చటేసింది. పాలు పోస్తున్న వీడియో వెతికి మొదటి టీవీలో పెట్టాడు.

బాపు తెరకు జానెడు దూరంలో నిలబడ్డాడు. "నీళ్లు గలిపిండ్రు" అన్నాడు.

నిజమే, ఆ కంపెనీ తెలుపులో కాస్త నీలం ఉంది. నేను చదివిందీ అదే. రెండోది పెట్టగానే, "ఇవి ఆవు పాలు బిడ్డా, పసుపు గొడ్తున్నయి" అన్నాడు. అదీ నిజమే. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. డాక్టర్ తప్పు చెప్పాడేమో అనుకున్నాను, ఒట్టు.

షాపతను మూడో టీవీకి వైరు మారుస్తున్నాడు. తెర ఇంకా నల్లగానే ఉంది. ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైట్ అందులో పొడుగ్గా, తెల్లగా మెరుస్తోంది. బాపు ముందుకు వంగి చెయ్యెత్తాడు.

"గివీ పాలంటే! సిక్కటి బర్రె పాలు. గిదే తీస్కో."

షాపతను వైరు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మొదటి రెండూ బాపు చూసి చెప్పాడో, ఊహించి చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు. అది ఆన్‌లో లేదని చెబుదామని నోరు తెరిచాను. బాపు మొహంలో ఆ సంతోషం చూసి మూసుకున్నాను.

"ఆన్ జేసి సూపియ్యాల్నా అక్కా?" అని అతను చిన్నగా అడిగాడు.

"వద్దన్నా, ప్యాక్ చెయ్యి" అన్నాను. గళ్ల కాగితం బ్యాగులోంచి తియ్యనే లేదు.

మర్నాడు పొద్దున షాపువాళ్లు వచ్చి టీవీని గోడకు బిగించి వెళ్లారు. బాపు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కిటికీ వెలుతురు తెర మీద పడుతోంది. రిమోట్ నా చేతిలో ఉంది. నేనింకా నొక్కలేదు.

"మస్తుగొస్తున్నది బిడ్డా" అన్నాడు బాపు. "ఆవాజ్ జర పెంచు."

నేను టీవీ ఆన్ చేసి, ఆవాజ్ పెంచాను.