బొట్టు పెట్టిన ఫ్లాపీ

మా ఆయన పోయాక నెల తిరక్కుండానే ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మాచర్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ అది. ఎనభైల చివరి సంవత్సరాలు. ఆఫీసు మొత్తానికి ఒకే ఒక్క కంప్యూటరు, దాని కోసం ఒక చిన్న ఏసీ గది, గుమ్మం దగ్గర చెప్పులు విడవమని ఒక బోర్డు. పొద్దున చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేదాన్ని, సాయంత్రం చెప్పులు తొడుక్కుని క్వార్టరుకు వచ్చేదాన్ని. మధ్యలో ఏం చేశానో ఇంటికొచ్చాక గుర్తుండేది కాదు. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఉందని చెప్పేదాన్ని, వాళ్ళ తృప్తి కోసం. నిజానికి బాధ కూడా లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎట్లా ఉంటుందో, మనిషినంతా అట్లా ఉన్నాను.

ఆయనకు కామెర్లు వచ్చాయి. ముందు పసరు పోయించారు, తర్వాత గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ ఏడు దసరా ఆసుపత్రి వరండాలోనే గడిచింది. దీపావళికి ఆయన లేడు. ఫ్యాక్టరీ కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసింది ఆయనొక్కడే. చనిపోయిన ఉద్యోగి భార్యకు ఏదో ఒక పని ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. నేను నరసరావుపేటలో లెక్కలతో డిగ్రీ చేశాను గనుక, ఊడ్చే పనో టీ పోసే పనో కాకుండా తాత్కాలికంగా ఆయన పనే ఇచ్చారు.

ఆఫీసు మేనేజరు చెడ్డవాడు కాదు. నా ఎదురుగా కూర్చుని, నా మొహం చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"ఒకటో తారీకు నుంచి అమ్మకపు పన్ను రేటు మారతంది తల్లీ. లారీల చలానాలు కొత్త రేటుతో ఈ మిషన్లోంచే రావాల. వస్తే నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే పైకి రాస్తా. రాకపోతే గుంటూరు నుంచి మనిషిని పిలిపించాల. అప్పుడు పోస్టూ ఆ మనిషికే, క్వార్టరూ ఆ మనిషికే. నా చేతుల్లో ఏం లేదు."

సరేనండీ అన్నాను. ఆ రోజుల్లో ఉరి తీస్తామన్నా సరేనండీ అనేదాన్నే.

ఆ ఆదివారం మా అన్నయ్య వెల్దుర్తి నుంచి వచ్చాడు. నా ట్రంకు పెట్టె సర్దడానికే వచ్చినట్టు మంచం కిందికి వంగి చూశాడు.

"నీకెందుకమ్మా ఈ మిషన్ల గోల? ఇంటికి రా. కంది పండినా ఎండినా నీకు రెండు ముద్దలు పెట్టలేమా ఏంది? మీ వదినకు కూడా చేతి సాయంగా ఉంటది."

అన్నయ్య మంచివాడు. వదినా మంచిదే. వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాళ్ళైతే పోట్లాడి బయటపడొచ్చు. మంచివాళ్ళ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, అందరూ తిన్నాక తిని, ఎవరైనా పేరంటానికి వస్తే లోపలి గదిలోకి జరిగి, అట్లా ముప్పయ్యేళ్ళు గడిపెయ్యాలి. మా మేనత్త అట్లానే గడిపింది. చలానాలు రావాలి, లేకపోతే మేనత్త బతుకే నా బతుకు. ఇది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసినా భయం మాత్రం వెయ్యలేదు. భయపడటానికి కూడా కొంచెం ప్రాణం ఉండాలి.

ప్రోగ్రాం నాకు కొత్తది కాదు. ఆయన ప్రింటు తీసిన పొడుగాటి కాగితాలు ఇంటికి తెచ్చి నవారు మంచం మీద పరిచేవాడు. ఆయన చదువుతుంటే నేను పెన్సిలుతో టిక్కులు పెట్టేదాన్ని. తప్పులు నేనే ముందు పట్టుకునేదాన్ని, ఆయన ఉడుక్కునేవాడు. పన్ను రేటు ఏ పేజీలో ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. దాన్ని మార్చడం నిమిషం పని. కానీ మార్చింది మార్చినట్టుగా పనిచెయ్యదు. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి తిప్పేది కంపైలరు. అట్లా తిప్పిన ముక్కలన్నిటినీ కలిపి ఒక్కటిగా కుట్టేది లింకరు. కుట్టేటప్పుడు ముందే తయారుచేసి దాచుకున్న ముక్కలు కొన్ని కావాలి. ఆ ముక్కల మూటను లైబ్రరీ అంటారు. ఈ తతంగమంతా ఆయన ఆఫీసులో చేసుకునేవాడు, నేనెప్పుడూ చూడలేదు. కూర రుచి తెలుసు గానీ పోపు ఎట్లా వేస్తాడో తెలియదన్నమాట.

అంతా ఒక్క మాటతో జరిగేటట్టు ఆయన ఒక ఫైలు రాసి పెట్టుకున్నాడని మాత్రం తెలుసు. దాని పేరు 'కట్టు'. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట కొడితే చాలు, మిగతా పనులన్నీ వరసగా అవే జరిగిపోవాలి. రేటు మార్చి, కట్టు అని కొట్టాను. కంపైలరు తన పని చేసుకుపోయింది. తర్వాత తెర ఆగి, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒక వాక్యం వచ్చింది.

"నా డిస్కు బి డ్రైవ్‌లో పెట్టు. పెట్టి ఏదో ఒక మీట నొక్కు."

ఆయన రాసుకున్న మాట. హార్డ్ డిస్కు నిండా చలానాలే ఉండి చోటు లేక, లైబ్రరీని ఫ్లాపీలో దాచి, కుట్టే సమయానికి దాన్ని పెట్టుకునేవాడు. మహా మతిమరుపు మనిషి, మాచర్ల బజారులో ఎన్ని గొడుగులు పారేశాడో. మర్చిపోతానేమోనని తనకు తనే చెప్పుకున్నాడు. అట్లా అనుకుని, సొరుగులోంచి ఆయన చేతిరాత ఉన్న ఫ్లాపీ తీసి, చూడకుండానే డ్రైవ్‌లోకి తోసి, మీట నొక్కాను.

డ్రైవ్ గరగరమంది. చదవలేకపోతున్నాను, ఆపనా, మళ్ళీ చూడనా, వదిలెయ్యనా అని తెర అడిగింది. మళ్ళీ చూడు అన్నాను. మళ్ళీ గరగర. సొరుగులో రెండో కాపీ కూడా ఉంది, అదీ పెట్టాను. అదీ అంతే. వదిలెయ్ అంటే లింకరు ముందుకు పోయి, ఫలానా ముక్క దొరకలేదు, ఫలానా ముక్క దొరకలేదు అని తెర నిండా ఏకరువు పెట్టింది. ఫ్లాపీలు పాతబడి పోయాయనుకున్నాను. దరిద్రం ఇంట్లోకి వచ్చాక ఏ గదినీ వదలదుగా.

లైబ్రరీయే కదా, ఇంకో చోట దొరక్కపోతుందా అని గుంటూరు బస్సెక్కాను. అక్కడ కంప్యూటరు నేర్పే ఒకాయన జాలిపడి తన దగ్గరున్నది కాపీ చేసి ఇచ్చాడు. గురజాల దాటేదాకా దాన్ని ఒళ్ళో అప్పడంలా పట్టుకుని కూర్చున్నాను. తీరా తెచ్చి పెడితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. మొదట తెర నిండా ఉన్న తప్పులు ఇప్పుడు తెర దాటి పైకి పరుగెత్తిపోతున్నాయి. గుంటూరు లైబ్రరీ కొత్త రకం, మా కంపైలరు పాత రకం. దీని ముక్కలు దానికి అతకవు. అయితే కొత్త కంపైలరు కూడా వేస్తే సరి అనుకుని, పాత సంవత్సరాల చలానాలు ఫ్లాపీల్లోకి ఎత్తి చోటు చేసి, దాన్నీ ఎక్కించాను. అప్పుడు ఆయన రాసిన ప్రోగ్రామే దానికి నచ్చలేదు. ఒక తప్పు దిద్దితే నాలుగు లేస్తున్నాయి. ప్రింటరుకు అరచేత్తో ఒక్కటిచ్చుకున్నాను. అది చేసిన పాపమేమీ లేదు.

మేనేజరు రోజూ తలుపు దగ్గరికొచ్చి, చెప్పులు విడవడం ఇష్టం లేక అక్కణ్ణుంచే అడిగేవాడు.

"ఏందమ్మా, అయిందా?"

"అవుతోందండీ."

"ఒకటో తారీకు వచ్చేస్తంది మరి."

వచ్చేస్తుంది, దాన్ని ఆపడం ఎవరి తరం?

తప్పుల జాబితా అంతా ప్రింటు తీసి, నవారు మంచం మీద పరిచి, చివర్నుంచి పైకి చదువుతున్నాను. ఆయన ఉంటే పెన్సిలు లాక్కునేవాడు. 'మొదటిదే తప్పు, మిగతావన్నీ దాని పిల్లలు' అనేవాడు ఎప్పుడూ. సరే, మొదటిది ఏది? గుంటూరు సరుకు తేకముందు, లింకరు ఏకరువు పెట్టకముందు, అన్నిటికన్నా మొదట యంత్రం అన్న మాట ఏది? డిస్కు చదవలేకపోతున్నాను అంది. అంతే. దానికి ఆయన డిస్కు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. నేను ఊళ్ళన్నీ తిరిగొచ్చాను.

మర్నాడు గుంటూరు సరుకంతా చెరిపేసి, దాని కోసం ప్రోగ్రాంలో చేసిన దిద్దుబాట్లు కూడా తీసేసి, ఆయన ఫ్లాపీని కవరులోంచి తీసి మొదటిసారి తేరిపార చూశాను. ఆ రోజుల ఫ్లాపీలు పలుచటి నల్లటి అట్టలు. లోపల గుండ్రటి డిస్కు ఉంటుంది, డ్రైవ్ చదవడానికి అట్టలో ఒక చోట చిన్న కిటికీ కోసి ఉంటుంది. ఆ కిటికీలో, డిస్కు మీద, పసుపు. పసుపు మధ్యలో ఎర్రగా కుంకుమ, ఎండి గట్టిపడి ఉంది. రెండో కాపీ తీశాను. దానికీ అంతే.

గదికి కాపలా ఉండే అటెండరు ఒక పెద్దాయన. ఆయన్ను పిలిచి రెండూ చూపించాను.

"ఇదెవరు చేశారు?"

"నేనేనమ్మా. ఆయుధపూజ నాడు."

"బుద్ధుందా నీకు? మిషనుకు పెట్టుకో, తలుపుకు పెట్టుకో, బీరువాకు పెట్టుకో. పోయిపోయి దీనికి పెడతావా? ఇదేమన్నా రోకలా, నాగలా?"

ఆయన పోయాక నా గొంతు లేవడం అదే మొదలు. నాకే వింతగా వినిపించింది. పెద్దాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ప్రతి ఏడూ అయ్యగారే పెట్టేవోడమ్మా. ఈ తూరి ఆయన ఆసుపత్రిలో ఉండె. ఈ గదిలో అయ్యగారు ఎవర్నీ ముట్టుకోనీంది ఈ అట్టలొక్కటే గదా. వీటికి బొట్టు పెడితే ఆయనకు నయమైతదనుకున్నా. చూస్తే ఈడ నుదురు మాదిరి కనపడింది. ఈడ పెట్టా."

పెద్దాయన చూపించిన చోటు కిటికీయే. నిజంగానే నుదురులా ఉంది. ఆయన జాగ్రత్త కొద్దీ రెండు కాపీలు పెట్టుకుంటే, ఈయన భక్తి కొద్దీ రెంటికీ పెట్టాడు. పక్షపాతం ఏమీ లేదు. కోపం వచ్చినంత సేపు కూడా నిలవలేదు. "పోనీలే మామా, పో, ఒక బ్లేడు తీసుకురా" అన్నాను.

ఒకసారి ఆయన టీ ఒలకబోసుకుని, ఫ్లాపీ అట్ట కోసి, లోపలి డిస్కు బయటికి తీసి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఇంకో అట్టలో దూర్చిన సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. అంట్లు తోమడం కూడా అంత శ్రద్ధగా నేర్చుకోరాదా అని వెక్కిరించాను. ఇప్పుడు అదే పని నేను చేశాను. క్యాంటీను వెనక కుళాయి దగ్గర, బ్లేడుతో అట్ట అంచు చీల్చి, డిస్కు తీసి, సబ్బు నీళ్ళలో తడిపిన దూదితో మెల్లగా తుడిచాను. రుద్దితే గీత పడుతుంది, గీత పడితే ఇక అంతే సంగతులు. కుంకుమ కరిగి నా వేళ్ళ మీదుగా కారింది. పదో రోజున మా పెద్దమ్మ తడిగుడ్డతో నా నుదురు తుడిచినప్పుడు, గుడ్డ చల్లగా ఉందనుకున్నాను, అంతే. ఇప్పుడూ నీళ్ళు చల్లగా ఉన్నాయనుకున్నాను.

మొదటి డిస్కు బాగుపడలేదు. పసుపు లోపలిదాకా దిగి, పైపూత లేచిపోయింది. రెండోదాన్ని ఇంకా మెల్లగా, ఇంకా ఎక్కువ నీళ్ళతో తుడిచి, నీడలో ఆరబెట్టి, కొత్త ఫ్లాపీ ఒకటి కోసి ఆ అట్టలో పెట్టాను. కట్టు అని కొట్టాను. నా డిస్కు బి డ్రైవ్‌లో పెట్టు అన్నాడు. పెట్టాను. డ్రైవ్ కొంచెం గొణిగి, ఆగి, మళ్ళీ గొణిగి, తర్వాత నున్నగా తిరగడం మొదలుపెట్టింది. లింకరు ఒక్క ముక్క కూడా దొరకలేదనలేదు. ప్రోగ్రాం తయారైంది. ఒక లారీ నంబరు కొట్టి చూస్తే కొత్త రేటుతో చలానా వచ్చింది.

మేనేజరు ఈసారి చెప్పులు విడిచి లోపలికే వచ్చాడు. చలానాను వెలుగుకు పట్టి చూశాడు. మళ్ళీ చేసి చూపించమన్నాడు, చేశాను. తెర ఆగగానే వంగి ఆ వాక్యం చదివాడు.

"ఈ డిస్కు పెట్టు గొడవేందమ్మా? రేపు నువ్వు సెలవు పెడితే ఆ డిస్కు యాడుందో అని మేం ఎతుక్కోవాల్నా? లోపలే ఉంచెయ్యరాదూ?"

మేనేజరు చెప్పింది న్యాయమే. తడిసిన డిస్కు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? చలానాలు ఎత్తేసిన చోటు ఉండనే ఉంది. లైబ్రరీని హార్డ్ డిస్కులోకి కాపీ చేశాను. కట్టు ఫైలు తెరిచి, వెతకాల్సిన చోటు బి అని ఉన్నదాన్ని సి అని మార్చాను. దాని పైన ఆ వాక్యం ఉంది. ఇక దానితో పని లేదు. మేనేజరు వెనక నిలబడి చూస్తున్నాడు. ఒక్కొక్క అక్షరమే చెరిపాను.

మళ్ళీ కట్టు అని కొట్టాను. ఎక్కడా ఆగలేదు. నన్నేమీ అడగలేదు. మొదలు నుంచి చివరిదాకా ఒక్క పరుగున పోయి, అయిపోయిందని చెప్పి ఊరుకుంది.

"శభాష్ తల్లీ! ఈ పూటే పైకి రాస్తా. నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు మేనేజరు.

మా ఆయన పోయాడని నాకు అప్పుడు తెలిసింది. కీబోర్డు మీద తల పెట్టి, ఏసీ గది బయటిదాకా వినపడేటట్టు ఏడ్చాను.