రోలుకు తాళి కట్టినవాడు

ఈ సాయంత్రం ధర్మవరం డేరా టాకీసులో ఒక వింత బొమ్మ చూసి వచ్చాను. మొగుడు పోయినప్పటినుంచి గడప దాటని మా అక్కను కూడా బతిమాలి తీసుకుపోయాను.

అందులో, ప్రేమించే తోడు లేనివాళ్లకు ఊరి బావిలో నీళ్లు ఇవ్వకూడదని ఒక రాజు చాటింపు వేయిస్తాడు. దప్పికకు తాళలేక ఒకడు రోలును ప్రేమించానని చెప్పి దానికి తాళి కడతాడు. ఊరంతా వచ్చి అక్షింతలు వేస్తుంది. డేరాలో అందరికన్నా గట్టిగా నవ్వినవాడు మాకు పట్టునూలు ఇచ్చే షావుకారు.

బయటికి రాగానే ఆయనే నన్ను ఆపాడు. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు.

"ఏమబ్బా, పెండ్లిచీరలకు నీకు పట్టు ఇంగ ఇయ్యలేను. మీ అక్క చెయ్యి పడిన చీరంటే కొనేవాళ్లు ఒప్పుకోరు. నువ్వు పెండ్లి చేసుకో, ఇస్తా."

"ఎవురిని చేసుకోవాల?"

"ఎవురైతేనేమి. మగ్గం కాడ నీ పక్కన ముత్తైదువ ఉండాల, అంతే."

మగ్గం మీద నాతోపాటు కూర్చుని అంచు నేసేది అక్కే. ఈ ఊళ్లో ఎందరో ఆ అంచు చీరలతోనే పెళ్లిపీటల మీద కూర్చున్నారు.

పక్కనే ఉన్న అక్క అంతా విన్నది. ఇంటిదాకా నాకన్నా ముందు నడిచింది. తలుపు తీస్తూ అంది:

"రోలే నయంరా. మొగుడు సచ్చినా దాన్ని ఎవురూ ఏమీ అనరు."

షావుకారుకు చెప్పవలసిన మాటలు అప్పటినుంచి బోలెడు తోస్తున్నాయి. అక్కకు చెప్పవలసినది ఒక్కటీ తోచడం లేదు. మీకు తోస్తే చెప్పండి.