ఏగిస గ్లాసు

మా బాపు ఖిలా వరంగల్‌లో వడ్ల పని, అంటే వడ్రంగం, చేసేవాడు. ఆయనకు మనుషుల కంటే చెట్ల మీద నమ్మకం ఎక్కువ. టేకును మెచ్చుకునేవాడు గాని ప్రేమించేవాడు కాదు. "అది అందరికీ లొంగుతది. నూనె ఉంటది, చెద పట్టది, ఉలి ఎటు పెడితె అటు వస్తది. ఇగ దాంట్ల వడ్లోని గొప్పేమున్నది?" అనేవాడు. నల్లమద్దిని తిట్టుకుంటూ కోసేవాడు. సరిగా ఆరకముందే ముట్టుకుంటే అది పగిలి పరువు తీసేది. బండి చక్రాలకు తుమ్మ తప్ప ఇంకోటి వాడేవాడు కాదు. మనసు మాత్రం ఏగిస మీదే.

కోటగోడకు దగ్గరగా మా ఇల్లు, ఇంటి ముందు రేకుల కొట్టం. ములుగు అడవి నుంచి వచ్చిన ఏగిస దుంగను కొట్టంలో దించితే చిన్నప్పుడు నాకు భయం వేసేది. గొడ్డలి తగిలిన చోటల్లా ఎర్రటి బంక కారి గడ్డకట్టి ఉండేది, అచ్చం నెత్తురే. కోస్తే లోపలి గట్టి కట్టె, అదే చేవ, పసుపూ గోధుమా కలిసిన రంగులో బయటపడేది. కోసేటప్పుడు రాలే పొట్టుకు తడి తగిలితే చాలు, రంగు దిగేది. వానాకాలంలో బాపు బనియన్లు ఉతకలేక అమ్మ విసిగిపోయేది. "నీ రెండో పెండ్లాం పసుపు పూసి పంపుతాంది" అని కొట్టం దాకా వినపడేటట్టు అనేది. బాపు తలెత్తకుండా నవ్వుకునేవాడు.

డెబ్బైల చివర్లో అమ్మకు షుగర్ వచ్చింది. పెద్ద దవాఖానకు నేనే తోలుకుపోయాను. గాజు గొట్టంలో నీలి మందు పోసి, అందులో ఆమె మూత్రం చుక్కలు వేసి కాగబెట్టారు. నీలం పోయి ఇటుక రంగు తేలింది. "రంగు మారితె షుగర్ ఉన్నట్టమ్మా, మారకుంటె లేనట్టు" అని నర్సు అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. అమ్మ ఇంటికి రాగానే బాపుకు అదే మాట అప్పజెప్పింది. మందు గోలీలు ఎప్పుడు వేసుకోవాలో తర్వాత చెప్పింది.

ఏగిస గ్లాసులో నిలవపెట్టిన నీళ్లు తాగితే షుగర్ దిగుతుందని మా వైపు అందరూ అనుకునేదే. బాపుకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఎవరి దర్వాజకో పోగా మిగిలిన ముక్కలోంచి చేవ మాత్రం తీసుకుని, తాడు లాగితే తిరిగే తరిమెనకు బిగించి, గ్లాసు తొలిచాడు. తాడు లాగింది నేను. అంచు అమ్మ పెదవికి గుచ్చుకుంటుందేమోనని వేలితో తడుముతూ, మళ్లీ గీకుతూ, పొద్దంతా దానితోనే ఉన్నాడు. మా ఇంట్లో పీటలు, మంచాలు అన్నీ ఎవరో వద్దన్న చెక్కలతో చేసినవే. అమ్మ కోసమని ఆయన చేసిన మొదటి వస్తువు ఆ గ్లాసు.

రాత్రి నీళ్లు పోసి పెడితే తెల్లారేసరికి ఎర్రటి డికాక్షన్‌లా అయ్యేవి. ఎండలో పెడితే అంచుల దగ్గర నీలంగా మెరిసేవి. వాటిని చూసుకుని బాపు పొంగిపోయేవాడు. "రంగు దిగిందంటె నీ ఒంట్ల షుగర్‌ను గుంజుతాందన్నట్టె" అనేవాడు. అమ్మ ముఖం చిట్లించి తాగేది. "ఆఖరికి నాతోని కట్టెను గుడ తాగిపిస్తానవు" అనేది. తాగాక గ్లాసును కొంగుతో తుడిచి, బియ్యం డబ్బా మీద బోర్లించి, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

నా పెళ్లయి నర్సంపేటకు వెళ్లిపోయాను. ఒక బతుకమ్మ పండుగకు వచ్చేసరికి అమ్మ ఆ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. నా చేతిలో సంచి కింద పెట్టనివ్వలేదు.

"సూడు బిడ్డా, నీళ్లు ఎట్ల పోసినయి అట్లనే ఉన్నయి. సాఫ్."

కొద్దికొద్దిగా రంగు పలచబడుతూ వచ్చి, ఆ వారం పూర్తిగా ఆగిపోయిందట. బాపు వెనకనుంచి అందుకున్నాడు. "గుంజుడు అయిపోయింది. ఇంక గుంజతందుకు ఏం లేదు. దవాఖానల చెప్పిండ్రు గద, రంగు మారకుంటె లేనట్టని."

గోలీలు అప్పటికే మానేసింది. మళ్లీ పరీక్ష చేయించాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ప్రతి ఉదయం మా ఇంట్లోనే పరీక్ష అవుతోందని మా లెక్క. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ రొట్టెలు నలిపి బెల్లంతో మలీద ముద్దలు చేసింది. అంతకుముందు ఏళ్లలో అందరికీ పంచి, వేళ్లకంటిన బెల్లం నాకకుండా కడుక్కునేది. ఆ సాయంత్రం మాతోపాటు కూర్చుని తిన్నది. బాపు తన చేత్తో ఇంకో ముద్ద పెట్టాడు. "చాలు తియ్" అంటూనే తిన్నది. మా అమ్మ అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

చలికాలంలో ఆమె బొటనవేలికి రాయి తగిలింది. చిన్న దెబ్బే. మానలేదు. పసుపు పెట్టారు, ఆకు కట్టారు, వేలు నల్లబడ్డాక దవాఖానకు తెచ్చారు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. గోలీలు ఎప్పుడు ఆపిందని డాక్టరు అడిగాడు. "షుగర్ పోయినంక సార్" అన్నాడు బాపు, చేతులు కట్టుకుని. డాక్టరు చీటీ మీద రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదని నాకనిపించింది. అమ్మ ఆ మంచం మీదినుంచి లేవలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ బాపు ఒకటే చెప్పేవాడు. "షుగర్ అయితె పోయిందే. ఆ రాయి ముంచింది. రాయి తాకకపోతె బతుకుతుండె." నాకు ఒళ్లు మండేది. షుగర్ పోనేలేదని దవాఖానలో నర్సు నాతో అన్నది ముఖం మీద చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఆ రాయి మాట పట్టుకునే ఆయన అన్నం తింటున్నాడు. ఊరుకున్నాను.

దినాలయ్యాక ఒక సాయంత్రం బియ్యం డబ్బా మీదినుంచి గ్లాసు తీశాడు. వాడి వాడి లోపలంతా బూడిదరంగుకు తిరిగి, గరుకుగా అయింది. ఆయన చేతులు అలాంటిదాన్ని అలా వదలలేవు. ఉలి తీసుకుని లోపల చుట్టూ పొరలా గీశాడు. కింద చేవ మళ్లీ పసుపుపచ్చగా బయటపడింది. పొట్టు ఊది, అలవాటుకొద్దీ నీళ్లు పోసి గూట్లో పెట్టాడు.

తెల్లారి నేను లేచేసరికి బాపు కొట్టంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. గ్లాసు ఎదురుగా ఎండలో ఉంది. నీళ్లు మొదటిరోజుల్లో లాగే ఎర్రగా, అంచున నీలంగా మెరుస్తున్నాయి. నన్ను చూసి గ్లాసును రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపాడు.

"మీ అమ్మ లేకపాయె. మరి ఇది ఎవలి షుగర్ గుంజింది బిడ్డా?"