మళ్ళీ మామయ్య

సరస్సు ఒడ్డున ఉన్న పాత హోటలుకి ఎవరు వచ్చినా, పుట్టి బుద్ధెరిగాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి అయినా సరే, తలుపు తీసే మామయ్య నోట వచ్చే మాట ఒక్కటే. "మళ్ళీ వచ్చారన్నమాట!"

అందుకే ఆయనకి మళ్ళీ మామయ్య అని పేరు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట అతిథుల దగ్గరే ఆగిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కుళాయి బాగుచెయ్యడానికి కొత్తగా వచ్చినవాణ్ణి కూడా "మళ్ళీ వచ్చావన్నమాట!" అన్నాడు. వాడు గతుక్కుమని, "అయ్యబాబోయ్, పోయినసారి చేసింది నేను కాదండీ, కారుతుంటే నాకేం సంబంధం లేదు" అంటూ సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ కుళాయి ఇంకా కారుతూనే ఉంది. వంటావిడ పనిలో చేరడానికి వచ్చిన రోజున, "మళ్ళీ వచ్చావన్నమాట! ఈసారి కూరలో ఉప్పు చూసి వెయ్యమ్మా" అన్నాడు. "వండని కూరకి వంక పెట్టించుకున్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే" అని ఆవిడ ఇప్పటికీ గరిటె ఊపుతూ చెబుతుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. కుక్క సంగతి మాత్రం ఎవరూ చీకటి పడ్డాక చెప్పరు. ఒకాయన వెంట ముసలి కుక్క ఒకటి వచ్చింది. మామయ్య వంగి దాని చెవి నిమిరి, "మళ్ళీ వచ్చావన్నమాట!" అన్నాడు. అది తోకాడించింది. యజమానిని వదిలేసి, తిన్నగా మెట్లెక్కి, పై అంతస్తులో చివరి గది ముందు, మూసిన తలుపుకి మూతి ఆనించి పడుకుంది. పిలిస్తే రాదు, లాగితే కదలదు.

"మేం ఈ ఊరు రావడం ఇదే మొదలయ్యా!" అన్నాడు కుక్క యజమాని.

"మీరు రాలేదేమో బాబూ" అన్నాడు మామయ్య.

అలాంటి హోటలుకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. పెద్ద పెద్ద హోటళ్ళలో పనిచేసిన మనిషి, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆవిడ వచ్చిన రోజున సరస్సు మీద నుంచి మంచు లేచి మెట్లదాకా పాకింది. ఎదురుగా హోటలు ఉందో లేదో తెలియడం లేదు. తలుపు ఎక్కడుందా అని ఆవిడ చెయ్యి చాపిందో లేదో, తలుపు తనంతట తనే లోపలికి తెరుచుకుంది. చీకట్లోంచి పొడుగాటి కోటూ, దాని పైన తెల్లటి మీసమూ కనిపించాయి.

"మళ్ళీ వచ్చారన్నమాట అమ్మా! మోకాలి దెబ్బ మానిందా?"

మేనేజరమ్మ ఎడమ మోకాలి మీద చిన్నప్పటి మచ్చ ఒకటి ఉంది. అది ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. చీర కుచ్చిళ్ళ కింద ఉన్న మచ్చ ఈయనకెలా కనబడింది? ఆవిడ చేతిలో పెట్టె జారి కింద పడింది.

ఇక హోటలు సంగతి. ఈ రోజుల్లో కూడా అక్కడికి మనుషులు ఎందుకొస్తారంటే, అక్కడ ఈ రోజులు లేవు గనక. హాల్లో నిలువెత్తు అద్దం ఉంది. దాని వెనక పూత ఊడి మచ్చలు పడడంతో, చూసుకున్నవాళ్ళకి తమ భుజం వెనక ఇంకెవరో నిలబడ్డట్టుంటుంది. ఇనప జాలీ తలుపుల లిఫ్టు ఎవరూ మీట నొక్కకుండానే మూలుగుతూ కిందికి దిగి, ఖాళీగా తలుపు తెరుచుకుని, కాసేపు ఆగి మళ్ళీ పైకి పోతుంది. వసారాలో వరసగా పేము ఊగుడు కుర్చీలు. సాయంత్రం గాలికి అన్నీ ఊగుతాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎందుకు ఊగదో అడగడానికి వంటావిడకి కూడా ధైర్యం లేదు.

మెట్ల గోడ నిండా ఫోటోలు. ఎప్పుడెప్పుడో సెలవులకి వచ్చినవాళ్ళంతా అవే ముందు మెట్ల మీద నిలబడి తీయించుకున్నవి. తాతలు చేతికర్రల మీద ఆనుకుని, పిల్లలు ఈతబట్టల్లో తడితడిగా, వెనకాల గుట్టగా ట్రంకుపెట్టెలు. వసారా నీడలో కూడా గొడుగు విప్పి పట్టుకున్న ఒక అమ్మాయి. మేనేజరమ్మ మెట్లెక్కుతుంటే ఆ కళ్ళన్నీ వెంట తిరిగినట్టే ఉండేది. ఇంకోటి చూసి ఆవిడకి ఒళ్ళు జలదరించింది. ప్రతి ఫోటోలోనూ తలుపు పక్కన మామయ్యే! అదే కోటు, అదే మీసం. పసుపెక్కిపోయిన ఫోటోలో, మూల చెదపట్టిన ఫోటోలో, అన్నిట్లోనూ అదే వయసు.

గబగబా కిందికి దిగి వచ్చి అడిగింది. "మామయ్యా, మీరు ఎప్పటినుంచి ఉన్నారిక్కడ?"

"అమ్మా, ఆ పసుపెక్కిన ఫోటోలో ఉన్నది మా నాన్న. దాని పక్కది మా తాత. కోటు ఒక్కటే, మనుషులే మారారు. మీసం కూడా వంశంలోదే. మా మేనత్తకి కూడా కాస్త ఉండేది."

ఊపిరి పీల్చుకుందే గానీ మోకాలి సంగతి అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. ఏం జవాబు వస్తుందోనని భయం.

అంతలో కొత్త దంపతులొచ్చారు. పెళ్ళిబట్టల వాసన ఇంకా పోలేదు. మామయ్య తలుపు తీసి, పెళ్ళికొడుకు మొహంలోకి చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "మళ్ళీ వచ్చారన్నమాట! అదే గది తీసి ఉంచాను."

పెళ్ళికూతురు పెట్టె కింద పెట్టింది. "మళ్ళీనా? పోయినసారి ఎవరితో వచ్చావ్?"

"ఒట్టు, నేనెప్పుడూ రాలేదు!"

"అదే గదంట! ఆయనకి గది కూడా గుర్తుంది!"

"అమ్మాయిగారూ" అన్నాడు మామయ్య కంగారుగా, "మీరూ ఉన్నారుగా ఆయన పక్కనే."

"నేనా? ఎప్పుడు?"

"మర్చిపోయారు. పాపం, చాలాకాలమైంది కదా."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుంది. ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా తిరిగారు. పోయిన జన్మలో కూడా మనమేనన్నమాట అని గుసగుసలాడుకున్నారు. కానీ ఇంటికెళ్ళాక పెళ్ళికొడుకు తల్లికి ఈ సంగతి తెలిసింది. "మా కోడలికి దయ్యం పట్టించారు" అని ఆవిడ హోటలు యజమానికి ఫోన్ చేసి దులిపేసింది.

యజమాని ఎక్కడో దూరంగా ఉంటాడు, ఫోన్లోనే ఉరుముతాడు. "అమ్మా, పాతకాలపు సెలవులని చెప్పి నడుపుతున్నాం, దయ్యాల కొంప అని కాదు. మా వకీలుని పంపిస్తున్నాను, అతిథిలాగే వస్తాడు. ఆ ముసలాయన నోట ఆ మాట వకీలు చెవిన పడిందో, ముసలాయనా ఇంటికే, మీరూ ఇంటికే!"

ఉద్యోగం పోతే మేనేజరమ్మకి వెళ్ళి తలదాచుకోవడానికి చోటు లేదు. గట్టిగా చెప్పేద్దామని మామయ్యని వెతుక్కుంటూ పైకి వెళ్ళింది. మధ్యాహ్నమే అయినా మంచుకి పై నడవా అంతా బూడిదరంగుగా ఉంది. తివాచీ అడుగుల చప్పుడు మింగేస్తోంది. ఆ చివరి గదిలోంచి మాటలు వినబడ్డాయి.

"మళ్ళీ వచ్చారన్నమాట."

నిశ్శబ్దం. ఎవరో జవాబు చెబుతున్నంతసేపు. తరవాత మెల్లగా నవ్వు.

"మళ్ళీ వచ్చారన్నమాట!"

మళ్ళీ నిశ్శబ్దం. లోపల కిర్రుమని కుర్చీ. మేనేజరమ్మ ఇక ఆగలేకపోయింది. దేవుడా అనుకుని తలుపు తోసింది. కడిగి తుడిచి, కొత్త దుప్పటి పరిచిన గది. అద్దం ముందు మామయ్య ఒక్కడే. కిటికీ దగ్గర కుర్చీ మాత్రం, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు, ఇంకా ఊగుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ కాదమ్మా. ఆ మాట నోట్లో బరువెక్కితే దాచలేం. తేలిగ్గా రావాలి."

"ఏం దాచాలి?"

"తలుపు దగ్గర నిలబడేవాడికి నాలుగు సంగతులు తెలుస్తాయి. అవి తలుపు దాటకూడదు."

"అయితే వినండి" అంది ఆవిడ. "ఇవాళ్టినుంచి ఆ మాట బంద్. ఎవరొచ్చినా 'స్వాగతం' అనండి. అంతే. లేకపోతే మనిద్దరం వీధిలో నిలబడతాం."

మామయ్య మీసం వాలిపోయింది. "రేపొక్కరోజు అననివ్వండమ్మా."

"రేపే వకీలుగారొస్తున్నారు!"

ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. కుర్చీ ఊగడం చేత్తో ఆపి, గది తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు వకీలుగారొచ్చారు. బొద్దుగా, బట్టతలతో, చంకలో బ్యాగుతో. మామయ్య తలుపు తీసి, మింగుడు పడని మాత్ర వేసుకున్నవాడిలా, "స్వా... గతం" అన్నాడు. వంటావిడ వంటింటి గుమ్మంలోంచి, "అయ్యో, ఈయనకేదో జబ్బు చేసింది!" అంది. వకీలుగారు కళ్ళజోడు సర్దుకుని హాల్లో కూచున్నారు. మేనేజరమ్మ గుండె కుదుటపడుతుండగా తలుపు మళ్ళీ తెరుచుకుంది.

నెరిసిన జుట్టు పెద్దావిడ, చేతిలో పాత గొడుగు. వెనక ఆవిడ చెల్లెలు. "ఇదే మొదటిసారి కదే మనం ఇక్కడికి రావడం?" అంటోంది పెద్దావిడ.

"స్వాగతం" అన్నాడు మామయ్య.

చెల్లెలు ఉలిక్కిపడి ఆయన మొహంలోకి చూసింది. పెద్దావిడ అప్పటికే మెట్ల గోడ దగ్గరికి నడిచింది. వసారా నీడలో గొడుగు పట్టుకున్న అమ్మాయి ఫోటో ముందు ఆగిపోయింది. తన చేతిలో గొడుగు చూసుకుంది. ఫోటోలో గొడుగు చూసింది.

"ఇది నేనే. నేనిక్కడికి ఎప్పుడొచ్చాను? ఒసేయ్, నేను రాని చోట నేనెందుకున్నానే?"

హాల్లో ఉన్న అతిథులందరూ అటే చూస్తున్నారు. గొడుగు కొన నేలమీద టకటక కొట్టుకుంటోంది.

చెల్లెలు మేనేజరమ్మ చెయ్యి పట్టుకుని గబగబా చెప్పింది. "పెళ్ళికి ముందునుంచీ ఏటా వస్తున్నామమ్మా. అక్క అన్నీ మర్చిపోతోంది. ఒకసారి ఈయన మామూలుగా 'మళ్ళీ వచ్చారా' అంటే, నాకు తెలియనివాళ్ళకి నేనెలా తెలుసు అని ఇలాగే బెదిరిపోయింది. ఇంకోసారి కొత్తవాళ్ళని పలకరించినట్టు పలకరిస్తే, నన్నిక్కడ ఎవరూ ఎరగరా అని ఏడ్చింది. అప్పటినుంచి ఈయన అందరినీ అదే మాట అనడం మొదలుపెట్టాడు. గుర్తులేనివాళ్ళు హాలు నిండా ఉంటే మా అక్క ఒక్కతే వేరుగా ఎందుకు కనబడుతుంది? ఇవాళేమైందమ్మా ఈయనకి?"

మేనేజరమ్మ మామయ్యని చూసింది. ఆయన ఆవిడ చెప్పిన మాటకి కట్టుబడి, పెదాలు బిగించి, తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మాత్రం గొడుగు మీదే ఉన్నాయి. తరవాత ఆవిడ వకీలుగారిని చూసింది. ఉద్యోగం కళ్ళముందు ఒక్కసారి ఊగి ఆగింది.

ఇస్త్రీ మడత నలగని ఆ మనిషి, హాలంతా దద్దరిల్లేలా అరిచింది. "వకీలుగారూ! మళ్ళీ వచ్చారన్నమాట!"

వకీలుగారి బ్యాగు చంకలోంచి జారింది. "నేనా?"

"మీరే! పోయినసారి... పోయినసారి..." ఆవిడకి అబద్ధం ఆడడం అలవాటు లేదు. కిటికీలోంచి ఏది కనబడితే అది అనేసింది. "చెట్టెక్కారు!"

"చెట్టా? ఈ పొట్టతోనా?"

"ఫోటో కూడా ఉండాలి, చూడండి!"

వకీలుగారు నిజంగానే లేచి వెళ్ళి, పెద్దావిడ పక్కన నిలబడి, గోడంతా వెతికారు. ఒక గడ్డమాయన ఫోటో దగ్గర ఆగి, "ముక్కు నాదే..." అన్నారు అనుమానంగా. "గడ్డం ఎప్పుడు పెంచానబ్బా?"

గొడుగు టకటక ఆగింది. పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీక్కూడా గుర్తులేదా?"

"అస్సలు లేదమ్మా!"

"చూడవే" అంది పెద్దావిడ చెల్లెలితో, నవ్వు ఆపుకోలేక. "ఈయనకి చెట్టెక్కిన సంగతే గుర్తులేదంట!"

అప్పుడు కదిలాడు మామయ్య. "మళ్ళీ వచ్చారన్నమాట!" అంటూ హాల్లో ఉన్నవాళ్ళనందరినీ పేరుపేరునా పలకరించి, చివర్న, ఏ బరువూ లేకుండా, పెద్దావిడతో కూడా అదే అన్నాడు. ఆవిడ గొడుగు ఆయన చేతికిచ్చి, "అందరినీ ఇలాగే అంటారన్నమాట మీరు" అని మెట్లెక్కి వెళ్ళింది.

సాయంత్రం వకీలుగారు హాల్లోంచే యజమానికి ఫోన్ చేశారు. "ఆఁ, విన్నానండీ. ముసలాయన నోట 'స్వాగతం' అనే మాటే విన్నాను. తరవాతదంటారా, అప్పుడు నేను ఫోటోలు చూస్తున్నాను." ఫోన్ పెట్టేసి మేనేజరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మా, ఆ చెట్టు సంగతి ఊరికే అన్నారు కదూ?"

"ఊరికేనండీ."

వకీలుగారు చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి మీద పాత మచ్చ. "చెట్టుమీంచి పడ్డావని మా అమ్మ అనేది. ఏ చెట్టో మాత్రం చెప్పలేదు."

ఇద్దరూ కిటికీలోంచి ఆ చెట్టుని చూశారు. మంచులో దాని కింది కొమ్మ ఒక్కటే మెల్లగా ఊగుతోంది. మేనేజరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ మోకాలి మీదికి వెళ్ళింది.

ఆ వారమంతా మేనేజరమ్మకి మామయ్యని అడగడానికి ఒకటే ప్రశ్న మిగిలింది, కానీ అడిగింది ఇంకోటి. "ఆవిడ వచ్చేది ఏడాదికొకసారే కదా. అప్పుడు మాత్రం అంటే సరిపోదా?"

"ఒక్కరోజు అంటే నాటకమమ్మా. రోజూ అంటే అలవాటు."

"మరి నా మోకాలు?"

"మోకాలికి దెబ్బ తగలకుండా పెద్దైనవాళ్ళెవరమ్మా?" అని నవ్వాడు. "కట్టు మాత్రం మా నాన్నే కట్టాడు" అంటూ ఎవరో పిలిచినట్టు వసారాలోకి వెళ్ళిపోయాడు. నిజమో వేళాకోళమో ఆ మీసం కింద కనబడలేదు.

వెళ్ళేరోజున పెద్దావిడ గడప దగ్గర ఆగి, సరస్సునీ, ఊగే కుర్చీలనీ, ఫోటోలనీ కళ్ళారా చూసుకుంది.

"విచిత్రంగా ఉందయ్యా. మొదటిసారే వచ్చినా, ఎన్నాళ్ళుగానో ఎరిగిన చోటులా ఉంది."

మళ్ళీ మామయ్య గొడుగు విప్పి ఆవిడ చేతికిచ్చాడు. తలుపు బార్లా తీశాడు.

"మొదటిసారి అందరికీ అలాగే ఉంటుందమ్మా" అన్నాడు.